చేతివాటం

శనివారం తెల్లవారకముందే
ఎల్బే ఒడ్డున, ఆల్బర్ట్ వంతెన పక్కన
మడతబల్ల విప్పుతాను.
డ్రెస్డెన్ ఊరింకా పొగమంచులోంచి కాలు బయటపెట్టదు.
వేళ్ళు కొంకర్లు పోతుంటే గుడ్డ పరిచి
ఒక్కో కెమెరానీ
పురిటిబిడ్డని పడుకోబెట్టినట్టు పడుకోబెడతాను.

తోలు తొడుగులు విప్పితే
ఎవరి అటకమీదో ముప్పై ఏళ్ళు ముక్కిన వాసన.
బూట్లపెట్టెలో చిల్లర సామాను:
లెన్స్ మూతలు, పసుపు ఫిల్టర్లు, కేబుల్ రిలీజులు,
ఎందుకు పనికొస్తుందో నాకూ తెలియని
ఇత్తడి రింగొకటి.

ఎనిమిదిన్నరకి రోస్విటా వస్తుంది.
డెబ్బై దాటిన మనిషి. ఆవిడకి కావలసింది
ఎక్సాక్టా, అదొక్కటే.
ఈ ఊళ్ళోనే పుట్టిన యంత్రం.
లోకమంతా కుడిచేత్తో నొక్కే మీటని
ఎడమవైపు పెట్టుకు పుట్టిన పెంకిఘటం.
పొట్టలో ఒక బుల్లి కత్తి కూడా:
రీలు సగంలో ఉండగానే
తీసినంతమేరా తెగ్గోసుకోవచ్చు.

బేరమాడదు.
పన్నెండు సెకన్ల నిదానానికి తిప్పి
చెవి దగ్గర పెట్టుకుంటుంది.
లోపల గడియారం గునగున నడిచి నడిచి
చివర్న ఠక్కుమంటుంది.
షట్టర్ గుడ్డని వెలుతురుకెత్తి
సూదిబెజ్జాలు లెక్కపెడుతుంది.
"మూడే. నల్లరంగు పూస్తే పోతాయి."
మడతలు విప్పి నోట్లిస్తుంది, పైసాతో సహా.

ఇచ్చేది కుడిచెయ్యి.
సరిగ్గా అప్పుడే ఎడమచెయ్యి
బూట్లపెట్టెలోంచి
ఏదో ఒకటి పట్టుకుపోతుంది.

ఒక వారం మూత. ఒక వారం ఫిల్టరు.
మొదటిసారి నోరు తెరవబోయాను,
తెరిచిన నోట్లో కాఫీ పోసుకున్నాను.

ఆ కాఫీయే ఓ రోజు ఆవిడకీ పోస్తే
ఫ్లాస్కు మూత ఊదుకుంటూ చెప్పింది.
రెండో తరగతిలో టీచరమ్మ
ఎడమచేతిని రిబ్బనుతో నడుముకి కట్టేసేదట.
"అందమైన రిబ్బను. నీలం.
మూడు నెలల్లో కుడిచేతి రాత వచ్చేసింది.
ముత్యాల్లాంటి అక్షరాలు.
ఎవరివో."
పన్నెండో ఏట పెదనాన్న తన ఎక్సాక్టా మెడలో వేస్తే
వేలు దానంతటదే వెళ్ళి
మీటమీద వాలిందట.
ఆ చెయ్యి కాదని ఎవరూ అనలేదట.

నేనేం అంటాను?
పైవారం నుంచి పెట్టెని
బల్ల ఆ మూలకి జరిపాను,
నాకు కుడి, ఆవిడకి ఎడమ.
ఆవిడ కొన్న మోడల్‌కి సరిపోయేవే పైన పేర్చాను.
సరిపోనివి పట్టుకెళ్ళి ఏం చేసుకుంటుంది పాపం.
"ఇది వ్యాపారమేనా?" అంది మా ఆవిడ హైడ్రున్.
కాదన్నాను.

పోయినవారం మాత్రం
సాయంత్రం సామాను సర్దుతుంటే
పెట్టెలో ఏదీ తగ్గలేదు.
రెండుసార్లు లెక్కపెట్టాను.
ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

ఇవాళ ఏమీ కొనలేదు.
ఓ కవరు ఎడమచేత్తో, అందరూ చూస్తుండగా,
బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

పోస్టుకార్డంత ఫోటో. నలుపు తెలుపు.
నడుము దగ్గర పట్టుకుని తలొంచి చూసే కెమెరా అది.
ఆ వంగిన తలని చూసి
ఇన్నాళ్ళూ సిగ్గనుకున్నాను.
ఆ గాజుపలకలో ఎడమ కుడవుతుంది,
నది వచ్చినదారినే వెనక్కి పోతుంది.
కాగితంమీద మాత్రం
ఎక్కడివక్కడే ఉన్నాయి:
ఫ్లాస్కు, పొగమంచు, ఆ మూల పెట్టె.
పెట్టెలో ఎవరి చెయ్యీ లేదు.
వెనకాల నేను,
మెడ నొప్పెట్టేలా
పనిగట్టుకుని
వంతెనవైపు చూస్తూ.